జాకెట్ కొనేముందు వాన సంగతి

జులైలో మహారాష్ట్ర సహ్యాద్రి కొండల్లోని హరిశ్చంద్రగడ్ కోట ఎక్కుతుండగా నా జాకెట్ లోపల తడి చేరింది. పాచ్‌నై ఊరు దాటి గంట కూడా కాలేదు. ముందు మోచేతుల దగ్గర చల్లగా తగిలింది, తర్వాత వీపు, తర్వాత పొట్ట. గుడి దగ్గరికి చేరేసరికి లోపలి చొక్కా పిండితే నీళ్ళు కారేలా ఉంది. ఆ జాకెట్‌కి నా అప్పటి జీతంలో మూడో వంతు పెట్టాను. ట్యాగు మీద 20,000 మి.మీ. వాటర్‌ప్రూఫ్ అని పెద్ద అక్షరాల్లో ఉంది. హరిశ్చంద్రేశ్వర ఆలయం పక్కన రాతి అరుగు మీద కూర్చుని దాన్ని తిరగేసి, ఎక్కడ చిల్లు పడిందా అని కుట్టు కుట్టూ తడిమి చూశాను. ఎక్కడా ఏమీ లేదు.

పుణె తిరిగి వచ్చాక కొన్న షాపుకే వెళ్ళి గట్టిగా అడిగాను. అక్కడి అబ్బాయి ఏమీ మాట్లాడకుండా జాకెట్ వీపు భాగాన్ని దొప్పలా పట్టుకుని, అందులో నీళ్ళు పోసి, కింద ఒక కాగితం పెట్టి అరగంట ఉంచాడు. కాగితం తడవలేదు. "మేడమ్, లోపలికి వచ్చింది వాన కాదు, మీ చెమటే" అన్నాడు. నాకు నచ్చలేదు. తప్పించుకోవడానికి అంటున్నాడనుకుని వచ్చేశాను.

మరుసటి ఏడాది ఆగస్టులో అదే జాకెట్ వేసుకుని ఉత్తరాఖండ్ హిమాలయాల్లో ఘాంగరియా నుంచి హేమకుండ్ సాహిబ్ ఎక్కాను. ఆరు కిలోమీటర్ల నిట్టనిలువు దారి. పొద్దున బయల్దేరినప్పుడు మొదలైన వాన పైకి చేరేదాకా ఆగలేదు. చేతివేళ్ళు కొంకర్లు పోయేంత చలి. పైన గురుద్వారాలో వేడి ఖిచిడీ, టీ ఇస్తుంటే తీసుకోవడానికి జాకెట్ జిప్పు దించాను. లోపల పొడిగా ఉంది. వీపు మీద బ్యాగు ఆనిన చోట కొంచెం చెమ్మ, అంతే. అదే జాకెట్, అదే మనిషి, దాదాపు అదే నడక. ఆ షాపు అబ్బాయి నిజమే చెప్పాడని అప్పుడు అర్థమైంది.

ఇది రాయడానికి కారణం ఒకటుంది. మనవాళ్ళు ఇప్పుడు బాగా ట్రెక్కింగ్‌కి వెళ్తున్నారు. హైదరాబాద్, విజయవాడ, వైజాగ్ నుంచి గుంపులుగా హిమాలయాలకు బయల్దేరుతున్నారు. వెళ్ళేముందు అందరూ అడిగే మొదటి ప్రశ్న, ఏ జాకెట్ మంచిది అని. ఏ వానకి అని ఎవరూ అడగరు. నా ఉద్దేశంలో ఆ రెండో ప్రశ్నకి జవాబు తెలియకుండా మొదటి దానికి జవాబు లేదు. ఎంత ఖరీదు పెట్టినా లేదు.

వాన జాకెట్‌లో జరిగేది ఏమిటో ముందు చెప్పాలి. మంచి జాకెట్ బట్ట మధ్యలో సన్నని పొర ఒకటి ఉంటుంది. దాన్ని మెంబ్రేన్ అంటారు. నీటి బొట్టు పట్టనంత చిన్న రంధ్రాలు, నీటి ఆవిరి మాత్రం దాటగలిగినంత పెద్దవి. 1969లో అమెరికాలో బాబ్ గోర్ టెఫ్లాన్ కడ్డీలను వేడిచేసి మెల్లగా సాగదీస్తుంటే అవి తెగిపోతూ వచ్చాయి. విసుగొచ్చి ఒకదాన్ని ఒక్కసారిగా గుంజాడు. అది తెగకుండా దాదాపు పదింతలు సాగింది. అలా సాగిన పదార్థంలో ఎక్కువ భాగం గాలే. గోర్‌టెక్స్ అలా పుట్టింది. ఇప్పుడు రకరకాల కంపెనీలు రకరకాల పేర్లతో ఇలాంటి పొరలు చేస్తున్నాయి. కొన్నిటిలో రంధ్రాలే ఉండవు, తేమను ఒక వైపు పీల్చుకుని రెండో వైపు వదిలే పాలియురెథేన్ పొర ఉంటుంది.

ఏ రకమైనా సరే, చెమట ఆవిరి బయటికి పోవాలంటే దాన్ని నెట్టేది ఏదో ఉండాలి. ఆ నెట్టేది లోపలికీ బయటికీ ఉన్న ఆవిరి ఒత్తిడి తేడా. జాకెట్ లోపల 30 డిగ్రీల వేడి, నిండా తేమ ఉందనుకుందాం. అక్కడ ఆవిరి ఒత్తిడి సుమారు 42 మిల్లీబార్లు. సహ్యాద్రి వానలో బయట 22 డిగ్రీలు, గాలి నిండా తేమే. అక్కడ ఒత్తిడి 26. తేడా 16. అదే హేమకుండ్ దారిలో 8 డిగ్రీలుంటే, అక్కడా నిండా తేమే అయినా, చల్లటి గాలి పట్టగలిగే ఆవిరే తక్కువ కాబట్టి ఒత్తిడి 11కి మించదు. తేడా 31. అంటే హిమాలయపు వానలో నా జాకెట్‌కి చెమటను బయటికి తోసే బలం దాదాపు రెండింతలైంది. పైగా చలిలో చెమట పట్టేదే తక్కువ. జాకెట్ మారలేదు, వాన మారింది.

ఇది తెలిశాక మా ఊరి వానలు గుర్తొచ్చాయి. మాది జనగామ వైపు. కురుమలు వానలో గొర్రెల వెంట తిరిగేటప్పుడు నల్ల గొంగడి కప్పుకునేవాళ్ళు. దక్కనీ గొర్రె ఉన్నితో నేసింది. ఒక కొస మడిచి తలకు తగిలించుకుంటే వీపంతా కప్పేస్తుంది, ముందు భాగం తెరిచే ఉంటుంది. వాన పడ్డకొద్దీ అది బరువెక్కుతుంది కానీ, తడిసినా ఉన్ని వెచ్చగానే ఉంటుంది. నాట్లప్పుడు మా అమ్మమ్మ ఖాళీ యూరియా సంచి తీసుకుని, ఒక మూలను రెండో మూలలోకి నొక్కి, టోపీలా చేసి తలమీద వేసుకునేది. వంగి నాటు వేస్తుంటే నీళ్ళు వీపు మీదుగా జారిపోయేవి. యూరియా సంచి గాలి ఆడే బట్టేం కాదు. అయినా ఆమెకు ఉక్కపోసేది కాదు. ముందంతా, కిందంతా గాలే కదా.

వెచ్చటి వానలో బతికిన వాళ్ళు చెమటను బట్టలోంచి పంపాలని చూడలేదు, బట్ట పక్కనుంచి పోనిచ్చారు. గొడుగు కూడా అంతే. మన వానకి సరిపోయే తెలివి అది. మెడ నుంచి నడుము దాకా మూసేసే జాకెట్ వేరే వానలో పుట్టింది. గోర్‌టెక్స్‌తో చేసిన టెంట్లనీ వానకోట్లనీ 1970ల్లో మొట్టమొదట అమ్మిన కంపెనీల్లో ఒకటి సియాటెల్‌లో ఉండేది. నా చిన్ననాటి స్నేహితురాలు ఇప్పుడు అక్కడే ఉద్యోగం చేస్తోంది. సియాటెల్‌లో ఏడాదికి పడేది సుమారు 950 మి.మీ. హైదరాబాద్‌లో 800 చుట్టూ పడుతుంది. లెక్కలో పెద్ద తేడా లేదు. కానీ అక్కడ ఆ వాన ఎక్కువగా అక్టోబరు నుంచి ఏప్రిల్ దాకా, చలిలో, సన్నగా, రోజుల తరబడి పడుతుంది. మనకి జూన్ నుంచి నాలుగు నెలల్లో, వేడిమీద, కుండపోతగా పడుతుంది. ఆమె గొడుగు పట్టుకోవడం మానేసి పదేళ్ళయింది, ఏ రోజూ జాకెట్ లేకుండా బయటికి వెళ్ళదు. అక్కడ అదే సరైన పని.

కాబట్టి నేను తేల్చి చెప్పేది ఇది. మీరు వెళ్ళేది సహ్యాద్రికో, నల్లమలకో, అరకుకో, ఆగుంబేకో అయితే పాతిక వేలు పెట్టి జాకెట్ కొనకండి. గాలి లేని అడవి దారిలో గొడుగు పట్టుకుని, త్వరగా ఆరే పాలిస్టర్ టీషర్టు వేసుకుని నడవండి. లేదా కింద గాలి ఆడే పోంచో, అంటే తల దూర్చి వేసుకునే వదులైన వానకప్పు, వేసుకోండి. తడుస్తారు. ఆ వేడిలో తడిస్తే ఏమీ కాదు, నడక ఆగనంత వరకు. రాత్రి వేసుకోవడానికి ఒక జత పొడి బట్టలు మందపాటి ప్లాస్టిక్ కవర్‌లో భద్రంగా ఉంటే చాలు.

దీనికి ఒక మినహాయింపు ఉంది. హరిశ్చంద్రగడ్ మీది కొంకణ్ కడా లాంటి నిలువు కొండ అంచుల మీద వర్షాకాలపు గాలి కింద పడాల్సిన నీళ్ళను పైకి విసిరికొడుతుంది. అక్కడ గొడుగు తిరగబడుతుంది, పోంచో మొహం మీదకి లేచి దారి కనబడనివ్వదు. అలాంటి చోటుకి పలచని గాలి జాకెట్ ఒకటి సంచిలో ఉంచుకోండి, చవకది చాలు.

హిమాలయం సంగతి అది కాదు. వాలీ ఆఫ్ ఫ్లవర్స్ కానీ, హంప్టా పాస్ కానీ, జులై ఆగస్టుల్లో ఏ దారైనా అక్కడి వాన మనిషిని నిజంగా ప్రమాదంలో పడేస్తుంది. నీరు గాలికన్నా సుమారు 25 రెట్లు వేగంగా ఒంటి వేడిని లాగేస్తుంది. ఎనిమిది డిగ్రీల్లో తడిసి, పైన గాలి తగిలి, ఆకలితో ఉన్న మనిషికి మంచు అక్కర్లేదు హైపోథర్మియా రావడానికి, అంటే ఒంటి వేడి ప్రమాదకరంగా పడిపోవడానికి. హేమకుండ్ దారిలో పలచని ప్లాస్టిక్ రెయిన్‌కోట్ చిరిగిపోయి, పెదాలు నల్లబడి, మాట తడబడుతున్న ఒక పెద్దాయనని చూశాను. గోవింద్‌ఘాట్‌లో కొన్నదట. గుర్రం మీద కిందికి పంపాం. ఆయన వణుకు ఇప్పటికీ నా కళ్ళ ముందే ఉంది. అక్కడికి వెళ్ళేవాళ్ళు జాకెట్ విషయంలో పిసినారితనం చేయకూడదని నేను ఇంత గట్టిగా అనడానికి ఆయనే కారణం.

సరే, చల్లటి వానకి జాకెట్ కావాలి. ఏం చూడాలి?

అందరూ ముందు చూసే అంకె 10,000, 20,000, 30,000 మి.మీ. బట్ట మీద అంత ఎత్తు నీటి స్తంభం నిలబెడితే కారకుండా ఆపుతుందని దాని అర్థం. పది వేలంటే పది మీటర్ల నీరు. ఆకాశం నుంచి పడే వాన బట్ట మీద అంత ఒత్తిడి పెట్టదు. బ్యాగు పట్టీలు భుజం మీద నొక్కే చోట, తడి బండ మీద కూర్చున్న చోట కాస్త ఎక్కువ ఒత్తిడి పడుతుంది. అందుకు పది వేలు దాటితే మంచిదే. ఇరవైకీ ముప్పైకీ తేడా మాత్రం నడిచేవాళ్ళకి తెలియదు. దానికి డబ్బు పెట్టొద్దు.

రెండో అంకె గాలి ఆడే గుణం. 20,000 గ్రాములు అని రాస్తారు, చదరపు మీటరు బట్టలోంచి 24 గంటల్లో పోయే ఆవిరి అని. గంటకి లెక్క వేస్తే 833 గ్రాములు. బరువు మోస్తూ ఎక్కుతున్న మనిషికి గంటకి లీటరు దాకా చెమట పట్టొచ్చు. ఆ 833 కూడా ల్యాబులో, ఆవిరి దాటడానికి అన్నీ అనుకూలంగా అమర్చినప్పుడు వచ్చింది. కొలిచే పద్ధతులు అరడజను ఉన్నాయి, ఒకదాని అంకెను ఇంకొకదానితో పోల్చడం కుదరదు. ఏ పద్ధతిలో కొలిచారో ట్యాగు మీద చాలాసార్లు ఉండదు. రెట్ (RET) అనే కొలత ఇస్తే కొంచెం నయం, ఆవిరికి బట్ట ఎంత అడ్డు పడుతుందో అది చెబుతుంది. అందులో అంకె తక్కువుంటే మంచిది, ఆరు లోపుంటే చాలా మంచిది.

నేనైతే అంకెలన్నీ పక్కన పెట్టి చంకల కింద జిప్పులు ఉన్నాయా అని చూస్తాను. పిట్ జిప్స్ అంటారు. మోచేతి పైభాగం నుంచి నడుము దగ్గరి దాకా తెరుచుకునేవైతే ఇంకా మంచిది. మా అమ్మమ్మ యూరియా సంచి చేసిన పనిని జాకెట్‌లో చేసేది ఇదొక్కటే. ఎక్కేటప్పుడు తెరిచి, ఆగినప్పుడు మూసేస్తాం. ఏ మెంబ్రేన్ అయినా పంపగలిగిన ఆవిరి కన్నా అర అడుగు తెరిచిన జిప్పు ఎక్కువ పంపుతుంది. బరువు తగ్గించామని గొప్పగా చెప్పుకుంటూ చాలా కంపెనీలు ఈ జిప్పులే తీసేస్తున్నాయి. కొన్ని గ్రాములు తగ్గించుకోవడానికి మనం ఇచ్చేది చాలా ఎక్కువ. మనలాంటి వేడి ప్రాంతాల మనుషులకి, చెమట ఎక్కువ పట్టే శరీరాలకి, ఇవి లేని జాకెట్ ఎంత పెద్ద పేరున్నదైనా నేను వద్దనే అంటాను.

తర్వాత తలకప్పు, అంటే హుడ్. షాపులో దీన్ని ఎవరూ వేసుకుని చూడరు. వేసుకుని, తాళ్ళు బిగించి, తలను ఎడమకీ కుడికీ తిప్పండి. తలతో పాటు హుడ్ తిరగాలి. మొహం ఒక పక్కకి వెళ్ళి కళ్ళ ముందు బట్ట మిగిలితే అది వాగు దాటేటప్పుడు పనికిరాదు. ముందు చూరులా గట్టి అంచు ఉండాలి, లేకపోతే కళ్ళజోడు ఉన్నవాళ్ళకి ఏమీ కనపడదు. వెనక కూడా బిగించే తాడు ఉండాలి. చేతులు పైకెత్తండి. నడుము బయటపడకూడదు, ముంజేయి బయటపడకూడదు. లోపల ఫ్లీస్, అంటే స్వెటర్ లాంటి మెత్తటి వెచ్చటి చొక్కా, వేసుకుని ఈ పని చేయండి, ఎందుకంటే అక్కడ వేసుకునేది అలాగే. జేబులు బ్యాగు నడుం బెల్టు కిందకి పోతే అవి ఉన్నా లేనట్టే.

జిప్పుల మీద మెరిసే రబ్బరు పూత చూసి నీళ్ళు పోవనుకోకండి. అవి నీటిని కొంతసేపు ఆపుతాయి, అంతే. జిప్పు వెనక మడత ఒకటి ఉందో లేదో చూడండి. కుట్లన్నిటి మీదా లోపల టేపు ఉండాలి. చవక వాటిలో భుజాల మీద, హుడ్ మీద మాత్రమే వేస్తారు.

బట్ట పొరల దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే నేను ఎక్కువ నష్టపోయింది ఇక్కడే. హరిశ్చంద్రగడ్ జాకెట్ కంటే ముందు నాకు రెండున్నర పొరల జాకెట్ ఒకటి ఉండేది. పైన నైలాన్, దాని కింద పాలియురెథేన్ పూత, దాని మీద అర పొర లెక్కన సన్నని అచ్చు. తేలిక, చిన్నగా మడత పడుతుంది, ధర తక్కువ. రెండు వానాకాలాలు వాడి, మడిచి, బీరువా పైన ఒక సంచిలో పెట్టేశాను. ఏడాది తర్వాత తీస్తే చేతికి జిగట అంటింది, లోపలి పూత ఎండిన చర్మంలా పొరలు పొరలుగా ఊడి వచ్చింది. కంపెనీని అడిగితే సరిగా దాచలేదన్నారు. కొన్నప్పుడు ఆ మాట ఎవరూ చెప్పలేదు. పాలియురెథేన్‌ని వేడీ తేమా కలిసి విరగ్గొడతాయి. మన ఇళ్ళలో ఏప్రిల్ వేడి, జులై తేమ రెండూ ఉన్నాయి. వైజాగ్, మచిలీపట్నం లాంటి సముద్రం ఒడ్డు ఊళ్ళలో ఇంకా త్వరగా పోతుంది. మూడు పొరల జాకెట్‌లో మెంబ్రేన్‌కి లోపల కూడా ఒక సన్నని బట్ట అతికి ఉంటుంది, ఒంటి నూనె, రాపిడి నేరుగా తగలవు. ఖరీదు ఎక్కువే. కానీ దాచుకోవడానికి చల్లటి పొడి చోటు లేని మనకి మూడు పొరలదే చివరికి చవక. మడిచి నొక్కి పెట్టకుండా, హ్యాంగర్‌కి తగిలించి ఉంచండి.

ఉతకడం గురించి మనవాళ్ళలో ఒక భయం ఉంది, ఉతికితే వాటర్‌ప్రూఫ్ పోతుందని. నిజం దీనికి ఎదురు. కొత్త జాకెట్ మీద నీళ్ళు ముత్యాల్లా జారిపోయేది మెంబ్రేన్ వల్ల కాదు, పై బట్టకి రాసిన పూత వల్ల. ఆ పూత మీద మట్టి, చెమట, తల నూనె చేరితే బొట్టు జారదు, బట్ట నీళ్ళు తాగేస్తుంది. తడిసిన బట్ట మెంబ్రేన్‌ని బయటినుంచి మూసేస్తుంది. ఆవిరి పోదు, ఒంటికి చల్లగా తగులుతుంది, జాకెట్ కారుతోందనిపిస్తుంది. మామూలు బట్టల సబ్బుపొడి వద్దు, కంఫర్ట్ లాంటివి అసలే వద్దు. ఇలాంటి బట్టల కోసం దొరికే ద్రవంతో ఉతికి, బాగా జాడించి, ఆరాక పైన పలచటి గుడ్డ వేసి తక్కువ వేడి మీద ఇస్త్రీ చేస్తే ఆ పూత మళ్ళీ లేస్తుంది. లోపలి లేబుల్ మీద ఇస్త్రీ వద్దని ఉంటే దాని మాటే వినండి.

ఇప్పుడు ఇది ఇంకా ముఖ్యమైంది. పాత పూతల్లో ఫ్లోరిన్ రసాయనాలు ఉండేవి, ప్రకృతిలో విరగకుండా నీళ్ళలో, ఒంట్లో మిగిలిపోయేవి. అమెరికాలో కాలిఫోర్నియా, న్యూయార్క్ రాష్ట్రాలు 2025 జనవరి నుంచి మామూలు దుస్తుల్లో వాటిని నిషేధించాయి. గోర్ కంపెనీ 2022 నుంచి ఫ్లోరిన్ లేని కొత్త మెంబ్రేన్ కూడా తెచ్చింది. మంచి పనే, అవి లేనిదే కొనమని నేనూ చెబుతాను. కొండమీది ఊటనీళ్ళు తాగడానికి వెళ్ళేవాళ్ళం ఆ నీళ్ళనే పాడుచేయకూడదు. కానీ కొత్త పూతలు నీటిని ఆపినట్టు నూనెను ఆపలేవు. కొబ్బరినూనె రాసుకునే తలల మీద హుడ్ ఎంత త్వరగా మరకపడుతుందో మనకి తెలుసు. వానాకాలంలో రెండు మూడు ట్రెక్కులకి ఒకసారైనా ఉతకాల్సిందే.

మా తమ్ముడు ఆగస్టులో హంప్టా పాస్ వెళ్తున్నాడు. కులూ వైపు బాలూ కా ఘేరా దాకా వానే ఉంటుంది, 4,270 మీటర్ల పాస్ దాటితే లాహౌల్ ఎడారి. పోయిన వారం జాకెట్ తెచ్చి, "అక్కా, 30,000 ఉంది, చూడు" అన్నాడు. చంకల కింద జిప్పులు ఉన్నాయి, టేపు అంతటా ఉంది, మూడు పొరలదే. బాత్‌రూమ్‌లో షవర్ కింద వాడిని నిలబెట్టి, నా పాత బ్యాగు భుజానికి తగిలించి, పది నిమిషాలు చూశాం. భుజాలు, వీపు పొడిగా ఉన్నాయి. తల పక్కకి తిప్పమన్నాను. తిప్పాడు. హుడ్ ఎక్కడిదక్కడే ఉండిపోయింది, వాడి ఎడమ కన్ను బట్టలోకి వెళ్ళిపోయింది. తాళ్ళన్నీ బిగించి మళ్ళీ చూశాం, అంతే. షవర్ కట్టేసి, జాకెట్ తుడిచి, రెండు రోజులు ఆరబెట్టి, షాపులో తిరిగి ఇచ్చేశాడు. ఇప్పుడు 20,000ది ఒకటి చూస్తున్నాడు, ధర కూడా తక్కువే. ఆదివారం ఇద్దరం వెళ్తున్నాం, ఫ్లీస్ తీసుకురమ్మని చెప్పాను.